భూకంపానికి నిలిచే ఓవర్‌హెడ్ ట్యాంకు: నేల పరీక్ష నుంచి రింగు కొక్కెం దాకా

ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకును దూరం నుంచి చూస్తే తాటిచెట్టు గుర్తుకొస్తుంది. బరువంతా తల దగ్గరే ఉంటుంది, కింద సన్నని కాళ్లు. మూడు లక్షల లీటర్ల ట్యాంకు నిండితే అందులో నీరే 300 టన్నులు తూగుతుంది. నేల పక్కకు కదిలినప్పుడు ఆ బరువు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, కాళ్లు మాత్రం నేలతో పాటు జరిగిపోతాయి. ఈ లాగుడంతా స్తంభాల్లోనూ, వాటిని కలిపే బ్రేస్ బీముల్లోనూ పడుతుంది. ఇంట్లోనైతే గోడలు, మెట్లు, పదుల కొద్దీ స్తంభాలు తలా కొంత భారం పంచుకుంటాయి. ట్యాంకుకు ఉన్నవి నాలుగో, ఆరో, ఎనిమిదో కాళ్లు మాత్రమే కాబట్టి, ఒక్క అతుకు తెగినా భారం మళ్లడానికి రెండో దారి ఉండదు.

పైగా భూకంపం వచ్చిన మర్నాడు ఊరికి మొదట కావలసింది నీళ్లు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రధాన నీటి గొట్టాలు విరిగిపోవడంతో మంటలార్పడానికి నీరందక, కుదుపుకంటే అగ్నిప్రమాదమే నగరాన్ని ఎక్కువగా నాశనం చేసింది. అందువల్ల ట్యాంకు డిజైనులో కూలకపోతే చాలనే లెక్క సరిపోదు. కుదుపు ఆగాక కూడా అది నీళ్లివ్వగలగాలి.

రక్షిత నీటి పథకాల్లో, పురపాలక సంఘాల్లో పనిచేసే ఇంజనీర్లను, ఇప్పుడిప్పుడే డిజైను పని మొదలుపెట్టిన వారిని దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాశాను. ఇందులో ఎక్కువ భాగం స్తంభాల మీద నిలిచే కాంక్రీటు ట్యాంకు గురించే ఉంటుంది. నేలమట్టపు ట్యాంకులు, సంపులు, మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకుల ప్రస్తావన చివరలో క్లుప్తంగా వస్తుంది. చెరువు కట్టలు, మట్టి ఆనకట్టలు వేరే శాస్త్రం కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

మన దగ్గర ఇవి ఎలా దెబ్బతిన్నాయి

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి భూకంపంలో ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు పక్కకు ఒరగకుండా నిటారుగా కిందికి దిగిపోయి, తన ఆరు స్తంభాలనూ తొట్టి అడుగునే కప్పేసుకుంది. పక్కకు ఊగడంతో పాటు తన చుట్టూ తాను మెలితిరగడం కూడా దానికి కారణమై ఉండవచ్చని పరిశోధకులు భావించారు. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ ప్రాంతంలో వచ్చిన భూకంపం మరో పాఠం నేర్పింది. అక్కడ చాలా ట్యాంకులు స్తంభాలకు బదులు గుండ్రని బోలు కాంక్రీటు గొట్టం మీద నిలిచి ఉండేవి. 150 నుంచి 200 మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉన్న ఆ గొట్టాల చుట్టూ పాదానికి కాస్త పైన, ముఖ్యంగా ఒక రోజు పోత ఆగి మరో రోజు పోత మొదలైన అతుకుల వెంబడి, వడ్డాణం పెట్టినట్టు గుండ్రని పగుళ్లు ఏర్పడ్డాయి. అప్పటి నిబంధనావళి ప్రకారం ట్యాంకులను మామూలు భవనాలకు దగ్గరగా ఉండే తక్కువ బలాలకే డిజైను చేసేవారు. సాగే గుణం లేని కట్టడానికి ఆ బలం చాలదని ఆ పగుళ్లతో తేలిపోయింది.

"మన దగ్గర భూకంపాలెక్కడివండీ" అనే మాట నేను ప్రతి సమీక్షలోనూ వింటాను. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం పరిసరాలు ఊగాయి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన కుదుపు హైదరాబాదు, విజయవాడల దాకా తెలిసింది. మనవి హిమాలయాల స్థాయి భూకంపాలు కావు, నిజమే. కానీ భూకంప జోన్ తక్కువ కదా అని స్టేజింగును, అంటే తొట్టిని మోసే స్తంభాలు, బ్రేస్ బీముల చట్రాన్ని, పలచన చేసే అలవాటు ఉన్నచోట ఓ మోస్తరు కుదుపు కూడా నష్టం చేయగలదు.

మొదటి మెట్టు: జోన్, ప్రాముఖ్యత, వర్తించే నిబంధనావళి

ద్రవాలు నిల్వచేసే ట్యాంకులకు భారత ప్రమాణం (ఐఎస్) 1893 రెండో భాగం (2014) వర్తిస్తుంది. జోన్ గుణకాలు, నేలను బట్టి మారే స్పందన వక్రరేఖ మొదటి భాగంలో ఉంటాయి. కాంక్రీటు మిశ్రమానికి, పగుళ్ల పరిమితికి ఐఎస్ 3370ను, కడ్డీల అమరికకు ఐఎస్ 13920ను, స్టేజింగుకు ఐఎస్ 11682ను చూడాలి. 2016 ముద్రణ ప్రకారం జోన్ 2కు గుణకం 0.10, జోన్ 3కు 0.16, జోన్ 4కు 0.24, జోన్ 5కు 0.36. ఆ ముద్రణ పటంలో విజయవాడ, నెల్లూరు మూడో జోన్‌లోనూ, హైదరాబాదు, విశాఖపట్నం రెండో జోన్‌లోనూ ఉన్నాయి. ఈ పటాలకు సవరణలు వస్తూ ఉంటాయి కనుక డిజైను మొదలుపెట్టే రోజున అమలులో ఉన్న ముద్రణనే బల్లమీద పెట్టుకోవాలి. పాత ప్రాజెక్టు ఎక్సెల్ షీటులోని అంకెలను నమ్ముకోకూడదు.

తాగునీటి ట్యాంకుకు ప్రాముఖ్యతా గుణకం 1.5 తీసుకోవాలి. దీన్ని 1.0గా తగ్గించి లెక్క వేసిన కాగితాలు నా దగ్గరకు వచ్చాయి. అలా చేస్తే బలం మూడో వంతు తగ్గిపోతుంది.

రెండో మెట్టు: నేలను తవ్వి చూడటం

ట్యాంకు కట్టే స్థలం సాధారణంగా పంచాయతీకి ఖాళీగా మిగిలిపోయిన జాగా అవుతుంది. పూడ్చిన కుంట, కాలువ గట్టు పక్కన పల్లం, ఊరి చివర పోరంబోకు. మంచి జాగా అయితే ఇంతకాలం ఖాళీగా ఎందుకుంటుందన్న అనుమానంతోనే అక్కడికి వెళ్లాలి. ట్యాంకు వృత్తం లోపల కనీసం రెండు బోర్లు వేసి, ప్రతి ఒకటిన్నర మీటరుకు ఎస్‌పీటీ విలువ (గొట్టాన్ని నేలలోకి దింపడానికి పడే సుత్తి దెబ్బల లెక్క) తీసి, భూగర్భ జలమట్టాన్ని వర్షాకాలపు మట్టంతో సహా నమోదు చేయించండి.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో రెండు రకాల బెడద ఉంటుంది. పై పొరలో నల్లరేగడి ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బుతుంది. కింది పొరల్లో నీటితో తడిసిన వదులు ఇసుక ఉంటే, కుదుపుకు ఆ ఇసుక రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి నేల కాసేపు బురదలా మారిపోతుంది. దీన్నే ద్రవీకరణ అంటారు. నిబంధనావళి ప్రకారం మూడో జోన్‌లో 5 మీటర్ల లోతు లోపల సవరించిన ఎస్‌పీటీ విలువ 15 ఉండాలి; 10 మీటర్లు, అంతకు మించిన లోతులో 25 ఉండాలి. అంతకంటే తక్కువగా ఉన్న తడి ఇసుక కనబడితే ద్రవీకరణ పరీక్ష చేయకుండా ముందుకు వెళ్లవద్దు. పైల్స్ దింపడమో, నేలను గట్టిపరచడమో, మరో జాగా వెతకడమో అప్పుడే తేలాలి.

పునాది విషయంలో నాది ఒకటే సలహా. విడివిడి ఫుటింగులు వేసి ఊరుకోవద్దు. గట్టి నేలలోనైనా స్తంభాలన్నింటినీ పాదం దగ్గర రింగు బీముతో కట్టేయండి, మెత్తని నేలలో వలయాకారపు ర్యాఫ్ట్ (స్తంభాలన్నింటికీ ఒకే పునాది పలక) వేయండి. ఒక కాలు మిగతా కాళ్ల కంటే రెండు అంగుళాలు దిగినా పైన తొట్టి ఒరిగి, కుదుపుకు ముందే సగం బలం కోల్పోతుంది.

మూడో మెట్టు: స్టేజింగ్ రూపం

స్తంభాలా, బోలు గొట్టమా అన్న ప్రశ్నకు భుజ్ అనుభవమే జవాబు చెబుతుంది. గొట్టం తప్పదనుకుంటే మందం పెంచి, నిలువు, అడ్డ కడ్డీలను లోపలి ముఖానికొక వరస, బయటి ముఖానికొక వరస వేయాలి. స్తంభాల స్టేజింగులో బ్రేస్ బీములు ముందుగా వంగి శక్తిని తినేయాలి, స్తంభాలు నిలబడే ఉండాలి. అందుకే ప్రతి కలయిక దగ్గర స్తంభాల వంపు సామర్థ్యం మొత్తం బీముల సామర్థ్యం కంటే 1.4 రెట్లు ఉండాలని ఐఎస్ 13920 (2016) చెబుతుంది. స్తంభం సన్నగా, బ్రేస్ బీము లావుగా ఉంటే ఈ క్రమం తలకిందులవుతుంది. లావు బీము చూడటానికి బలంగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఈ పొరపాటు తెలియకుండానే చేస్తారు.

కిల్లారి ట్యాంకును మరచిపోకండి. డోలన కాలం అంటే ఒక ఊపు పూర్తికావడానికి పట్టే సమయం. పక్కకు ఊగే డోలన కాలం, మెలితిరిగే డోలన కాలం దాదాపు సమానమైతే చిన్న అసమానత కూడా పెద్ద మెలితిప్పుగా మారుతుంది. రెండు కాలాలనూ లెక్కించి, అవి దగ్గరగా వస్తే స్తంభాల సంఖ్యనో, బ్రేస్ అమరికనో మార్చి వాటిని విడదీయాలి. ఒక పక్కన మాత్రమే స్టేజింగుకు గట్టిగా అతికించిన కాంక్రీటు మెట్లదారి కూడా ఈ అసమానతకు కారణమవుతుంది.

నాలుగో మెట్టు: నీటిని రెండుగా చీల్చడం

"నిండుకుండ తొణకదు" అన్నది సామెత. ఇరుకు మూతి కుండను అంచుదాకా నింపినప్పుడు అది నిజమే. ట్యాంకులో పైన గాలికి జాగా వదులుతాము, మూతి అడుగంత వెడల్పుగా ఉంటుంది, కనుక నిండు ట్యాంకు తప్పక తొణుకుతుంది. హౌస్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గత శతాబ్దపు మధ్యలో ప్రతిపాదించిన పద్ధతిలో నీటిని రెండు ముద్దలుగా భావిస్తారు. అడుగు భాగపు నీరు గోడలకు అంటుకున్నట్టే తొట్టితో పాటు కదులుతుంది. పై భాగపు నీరు తన తీరిక ప్రకారం నెమ్మదిగా అటూ ఇటూ ఊగుతుంది. మొదటిదాన్ని అంటుకున్న నీరు అనీ, రెండోదాన్ని తొణికే నీరు అనీ పిలుద్దాం.

ఈ వాటా నీటి లోతుకూ తొట్టి వ్యాసానికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. లోతైన ఇరుకు తొట్టిలో అంటుకున్న నీరే ఎక్కువ, వెడల్పాటి తాంబాళం లాంటి తొట్టిలో తొణికే నీరు ఎక్కువ. శంకువు, గోపురం కలిసిన ఇంట్జ్ తొట్టికైతే అంతే ఘనపరిమాణం, పై నీటిమట్టం దగ్గరి వ్యాసం ఉన్న స్తూపంగా మార్చుకుని లెక్క వేయాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వ్యాసం 10 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అనుకుంటే నీరు 314 టన్నులు. వ్యాసాన్ని లోతుతో భాగించి 0.866తో గుణిస్తే 2.165 వస్తుంది. దాని హైపర్బోలిక్ టాంజెంటును మళ్లీ 2.165తో భాగిస్తే 0.45. అంటే 141 టన్నుల నీరు తొట్టితో పాటు కదులుతుంది. నిబంధనావళిలోని రెండో సూత్రం ప్రకారం తొణికే నీటి వాటా 0.52, అంటే 163 టన్నులు. ఈ రెండూ కలిపితే సరిగ్గా 314 రాదు. అది లెక్క తప్పు కాదు, సూత్రాల స్వభావమే అంత. తొణికే నీటి డోలన కాలం సుమారు 3.5 సెకన్లు. ఇది స్టేజింగు మీద ఏమాత్రం ఆధారపడదు, తొట్టి కొలతలే దీన్ని నిర్ణయిస్తాయి.

ఐదో మెట్టు: డోలన కాలం, బలాలు

మన ఉదాహరణలో ఖాళీ తొట్టి 150 టన్నులు, స్టేజింగ్ 90 టన్నులు అనుకుందాం. లెక్కలో తొట్టి బరువు పూర్తిగానూ, స్టేజింగు బరువులో మూడో వంతు మాత్రమేనూ తీసుకుంటాము కాబట్టి అది 180 టన్నులు. స్టేజింగు దృఢత్వం, అంటే తొట్టి మట్టాన్ని పక్కకు ఒక మీటరు జరపడానికి కావలసిన బలం, 12,000 కిలోన్యూటన్లు అనుకుందాం. ఈ దృఢత్వాన్ని బ్రేస్ బీముల వంపుతో సహా కంప్యూటర్ నమూనాలో తీయాలి. స్తంభాలను ప్రతి బ్రేస్ మట్టం దగ్గరా కదలకుండా బిగించిన కడ్డీలుగా భావించి చేతిలెక్కతో తీస్తే నిజం కంటే ఎక్కువ దృఢత్వం వచ్చి, డోలన కాలం తక్కువగా కనబడుతుంది.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆ 180 టన్నులకు అంటుకున్న నీరు 141 కలిపితే వచ్చే 321 టన్నులకు డోలన కాలం 1.03 సెకన్లు వస్తుంది. మధ్యరకం నేలలో ఆ కాలానికి స్పందన విలువ 1.36ను 1.03తో భాగించగా 1.32. ట్యాంకు మూడో జోన్‌లో ఉందనుకుంటే జోన్ గుణకంలో సగం 0.08. దాన్ని ప్రాముఖ్యత 1.5తో గుణించి, స్పందన తగ్గింపు గుణకంతో భాగించాలి. సాగే గుణమున్న మామూలు భవనపు చట్రానికి ఈ తగ్గింపు 5 దాకా ఇస్తారు. ట్యాంకుకు అంత ఇవ్వరు, ఎందుకంటే దానికి రెండో దారి లేదు. ఉదాహరణ కోసం 2.5 తీసుకుందాం. మీ స్టేజింగు రకానికి ఉన్న విలువను నిబంధనావళి పట్టికలోనే చూసుకోండి. వచ్చినదాన్ని స్పందన విలువ 1.32తోనూ, 321 టన్నుల బరువుతోనూ హెచ్చిస్తే అంటుకున్న నీరు, కట్టడం కలిసి ఇచ్చే అడ్డబలం సుమారు 200 కిలోన్యూటన్లు.

తొణికే నీటికి ఘర్షణ చాలా తక్కువ. దాని డ్యాంపింగు (ఊపును అణిచే గుణం) అర శాతమే కాబట్టి స్పందన విలువను 1.75తో హెచ్చించాలి. మన ఉదాహరణలో దాని బలం సుమారు 52 కిలోన్యూటన్లు. ఈ రెండు బలాలు ఒకేసారి శిఖరానికి చేరవు కనుక వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే 207 కిలోన్యూటన్లు పాదం వద్ద కోత బలంగా వస్తుంది.

ఇదే లెక్కలో అలల ఎత్తు కూడా దొరుకుతుంది. తొణికే నీటి త్వరణ గుణకాన్ని తగ్గింపు గుణకంతో గుణించి, వ్యాసార్ధంతో హెచ్చిస్తే 41 సెంటీమీటర్లు. నీటిపైన అడుగు జాగా వదిలి, అంటే 30 సెంటీమీటర్లతో సరిపెట్టిన డ్రాయింగు ఉంటే, పైకప్పుకు అడుగు నుంచి అల తాకుతుందన్నమాట. పైకప్పును ఆ తాకిడికి డిజైను చేయాలి, లేకపోతే జాగాను పెంచాలి. జాగా పెంచడమే చవక.

ఆరో మెట్టు: ఖాళీ ట్యాంకు

చాలామంది దాటవేసే మెట్టు ఇదే. నిండు ట్యాంకే ప్రమాదకరం కదా, ఖాళీ ట్యాంకుకు ఏమవుతుందని అనుకుంటారు. ఖాళీగా ఉన్నప్పుడు బరువు తగ్గుతుంది, డోలన కాలం కూడా 0.77 సెకన్లకు తగ్గుతుంది, దాంతో త్వరణం పెరుగుతుంది. మన ఉదాహరణలో కోత బలం 150 కిలోన్యూటన్లు, అంటే నిండు ట్యాంకు కంటే తక్కువే. కానీ స్తంభాలను కిందికి నొక్కిపట్టే బరువు అంతకంటే ఎక్కువ మేరకు పడిపోయింది.

7 మీటర్ల వ్యాసపు వృత్తంలో 8 స్తంభాలు ఉన్నాయనీ, బలం పాదానికి 19 మీటర్ల ఎత్తున పనిచేస్తోందనీ అనుకుని స్థూలంగా చూద్దాం. ఖాళీ ట్యాంకు వల్ల కూలదోసే భ్రామకం 2,850 కిలోన్యూటన్ మీటర్లు, చివరి స్తంభానికి దానివల్ల వచ్చే లాగుడు 204 కిలోన్యూటన్లు. దాన్ని 1.5తో హెచ్చిస్తే 305 దాటుతుంది. స్తంభం మోసే స్థిరభారం 294 కిలోన్యూటన్లు, దానిలో పదింట తొమ్మిది వంతులు 265. అంటే ఆ స్తంభం పైకి లాగబడుతోంది, 40 కిలోన్యూటన్ల నికర లాగుడుతో. నిండు ట్యాంకులో ఇదే లెక్క వేస్తే 611కు ఎదురుగా 421 మాత్రమే ఉంటుంది, లాగుడు అసలే కనబడదు. ఖాళీ స్థితిని చూడకుండా వదిలేసినవారు స్తంభం నొక్కుడులోనే ఉంటుందనే భ్రమలో పాదం దగ్గర కడ్డీల అతుకులు వేసేస్తారు.

దిశ కూడా ముఖ్యమే. నాలుగు స్తంభాల ట్యాంకులో భూకంపం కర్ణం వెంట వస్తే మూల స్తంభంలో భారం గరిష్ఠమవుతుంది, భుజానికి సమాంతరంగా వస్తే బ్రేస్ బీములో వంపు గరిష్ఠమవుతుంది. రెండు దిశలనూ విడిగా చూడాలి. తొట్టి పక్కకు జరిగినప్పుడు దాని బరువే అదనపు భ్రామకాన్ని సృష్టిస్తుంది కాబట్టి దాన్ని కూడా కలపాలి.

ఇక్కడ తీరప్రాంతపు ఇంజనీర్లకు ఒక మాట. విశాఖపట్నం, నెల్లూరు, విజయవాడల్లో ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు. తుపాను గాలి బలం భూకంప బలం కంటే ఎక్కువగా వస్తే "గాలే నిర్ణయిస్తోంది, భూకంపపు కడ్డీలు అవసరం లేదు" అని రాసేస్తుంటారు. అది తప్పు. గాలికి కట్టడం సాగనవసరం లేకుండా డిజైను చేస్తాము. భూకంప బలాన్ని మాత్రం కట్టడం సాగుతుందనే నమ్మకంతో ముందే తగ్గించి లెక్క వేశాము. ఆ సాగే గుణాన్ని ఇచ్చేది కడ్డీల అమరికే.

ఏడో మెట్టు: కడ్డీలు, కొక్కేలు

కొన్నేళ్ల క్రితం డెల్టాలోని ఒక పల్లెలో రెండో బ్రేస్ మట్టం దగ్గర సెంట్రింగ్ మీదికెక్కి చూశాను. స్తంభపు రింగులన్నీ చక్కగా వరుసలో ఉన్నాయి కానీ, వాటి చివరలు 90 డిగ్రీలకే వంచి ఉన్నాయి. అడిగితే రాడ్ బెండింగ్ మేస్త్రీ మొహమాటం లేకుండా, "లోపలికి వంచితే వైబ్రేటర్ సూది దిగదండి సారూ" అన్నాడు. అతని బాధలో నిజం ఉంది. అన్ని కొక్కేలూ ఒకే మూలకు వస్తే నిజంగానే సూది దిగదు. కానీ 90 డిగ్రీల కొక్కెం, కడ్డీలను కప్పి ఉంచే కవర్ కాంక్రీటు రాలిపోగానే తెరుచుకుంటుంది, రింగు విడిపోతుంది, నిలువు కడ్డీలు బయటికి ఉబుకుతాయి. ఒక మూల తరవాత మరో మూలకు కొక్కేలను మార్చుకుంటూ వేయమని చెప్పి, ఒక రింగు నేనే వంచి చూపించాను. తరవాతి మట్టానికి సూది ఇబ్బంది లేకుండా దిగింది.

రింగు చివర 135 డిగ్రీలకు వంగి, వంపు తరవాత రింగు మందానికి ఆరు రెట్లు లేదా 65 మిల్లీమీటర్లు, ఏది ఎక్కువైతే అంత పొడవు స్తంభపు గర్భంలోకి వెళ్లాలి. స్తంభానికి పైనా కిందా, ప్రతి కలయికకు ఇరువైపులా, స్తంభపు పెద్ద కొలత, నిలువు ఎత్తులో ఆరో వంతు, 450 మిల్లీమీటర్లు అనే మూడింటిలో పెద్దదాని మేరకు రింగులను దగ్గరగా వేయాలి. అక్కడ ఎడం స్తంభపు చిన్న కొలతలో నాలుగో వంతునూ, 100 మిల్లీమీటర్లనూ మించకూడదు. ఈ దగ్గర రింగులను ఫుటింగు లోపలికి కూడా కనీసం 300 మిల్లీమీటర్లు దింపాలి. కలయిక లోపల, అంటే బ్రేస్ బీము స్తంభంలోకి దూసుకెళ్లే భాగంలో, రింగులు వేయడం కష్టమని చాలాచోట్ల వదిలేస్తారు. నిజానికి పగులు మొదలయ్యేది అక్కడే. బీము కడ్డీలు కట్టకముందే ఆ రింగులను దిగువకు జార్చి పెట్టుకుంటే ఆ తరవాత పైకి లాగి కట్టుకోవడం సులువు.

నిలువు కడ్డీల అతుకులు స్తంభపు ఎత్తులో నడిమి సగంలోనే ఉండాలి. నేలమట్టం దగ్గర అన్ని కడ్డీలూ ఒకేచోట అతికితే, అత్యధిక వంపు పడే చోటనే అత్యంత బలహీన స్థలాన్ని మనమే చేసిపెట్టినట్టవుతుంది. ఫుటింగు నుంచి వచ్చే కడ్డీలను మొదటి బ్రేస్ మట్టపు సగం దాకా పొడవుగా తెప్పించడమే దీనికి మార్గం. ఆ పొడవు కడ్డీలు గాలికి ఊగుతాయని సైటులో గొణుగుతారు, వెదురుతో తాత్కాలికంగా ఊతం కట్టించండి.

బ్రేస్ బీముకు పైనా కిందా కడ్డీలు రెండు చివరల దాకా నిరంతరంగా వెళ్లాలి, ఎందుకంటే కుదుపు దిశ మారినప్పుడల్లా లాగుడు పై ముఖానికీ కింది ముఖానికీ మారుతుంది. చివరల నుంచి బీము లోతుకు రెట్టింపు దూరం వరకు స్టిరప్పుల ఎడం లోతులో నాలుగో వంతు లోపలా, 100 మిల్లీమీటర్ల లోపలా ఉంచాలి.

ఎనిమిదో మెట్టు: పోత, అతుకులు

తొట్టి కాంక్రీటు ఎం30కి తగ్గకూడదు. పగుళ్ల వెడల్పు 0.2 మిల్లీమీటర్ల లోపల ఉండేలా కడ్డీలు వేయాలి. ఇవి డ్రాయింగులో ఉంటాయి కాబట్టి ఎక్కువ చెప్పను. పోత ఆగిన చోట ఏం చేయాలో మాత్రం చాలా డ్రాయింగుల్లో ఉండదు. పోసిన కాంక్రీటు పైన తేరిన పాలలాంటి పలుచని పొరను మర్నాడు వైరు బ్రష్‌తో గీకి, కంకర మొహాలు కనబడేదాకా శుభ్రం చేసి, నీటితో తడిపి, నిల్వనీటిని తుడిచేసి, ఆపైన కొత్త పోత వేయాలి. భుజ్‌లో గుండ్రని పగుళ్లు ఎక్కడ వచ్చాయో గుర్తుంటే ఈ పది నిమిషాల పని విలువ తెలుస్తుంది. పోత ఆపే మట్టాన్ని బ్రేస్ కలయికకు దూరంగా ఉంచండి. షట్టరింగ్ విప్పాక హనీకోంబ్ (తేనెపట్టులాంటి ఖాళీలు) కనబడితే సిమెంటు పూసి దాచే లోపే ఫొటో తీసి, సుత్తితో తట్టి లోతు చూసి, వదులు భాగాన్ని చెక్కించాకే మరమ్మతుకు అనుమతివ్వండి.

తొమ్మిదో మెట్టు: గొట్టాలు

ట్యాంకు నిలిచి గొట్టాలు తెగితే నీరంతా అరగంటలో నేలపాలు. నిలువు గొట్టం ట్యాంకుతో పాటు ఊగుతుంది, భూమిలోని గొట్టం నేలతో పాటు కదులుతుంది. ఆ రెండూ కలిసే వంపు దగ్గర బిరుసైన పోత ఇనుము ఉంటే అక్కడే విరుగుతుంది. నేలలోకి దిగే ముందు బెల్లోస్ లాంటి వంగే అతుకు పెట్టాలి, వాల్వు గది గోడలో గొట్టం చుట్టూ కాంక్రీటు బిగించకుండా కంత వదిలి మెత్తని పదార్థంతో నింపాలి. సరఫరా గొట్టానికి ట్యాంకు పాదం దగ్గరే ఒక వాల్వు ఉండాలి, దాని పిడి చేతికి అందాలి, ఏడాదికి రెండుసార్లయినా తిప్పుతూ ఉండాలి. 1995లో కోబె భూకంపం తరవాత జపానులో కుదుపును గుర్తించి తనంతట తానే మూసుకునే వాల్వులను చాలా ట్యాంకులకు అమర్చారు. మన పంచాయతీలకు అంత ఖర్చు తప్పనిసరి కాదు కానీ, తుప్పు పట్టి తిరగని వాల్వు ఉంటే ఆ సౌకర్యం గురించి మాట్లాడటమే దండగ.

నేలమట్టపు ట్యాంకు, సంపు, మేడ మీది ట్యాంకు

నేల మీద నిలిచే స్టీలు ట్యాంకు గోడ అడుగున ఏనుగు పాదంలా ఉబ్బి ముడుచుకుపోవడం 1964 అలాస్కా భూకంపం నుంచి ఇంజనీర్లకు తెలిసిన విషయమే. అడుగు పలకల మందం, లంగరు బోల్టులు దాన్ని ఆపుతాయి. ఆ బోల్టు తెగేలోపు సాగేటంత పొడవు ఉండాలి. కాంక్రీటు ట్యాంకులో గోడ, అడుగు కలిసే మూలనే ఎక్కువ జాగ్రత్త అవసరం.

భూమిలోని సంపుకు బయటి మట్టి కుదుపులో అదనంగా నొక్కుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఆ నొక్కుడుకు లోపలి నుంచి ఎదురొత్తే నీరు ఉండదు. భూగర్భ జలం పైకున్న చోట ఖాళీ సంపు పడవలా తేలడానికి చూస్తుంది. అడుగు పలక అంచులను గోడ దాటి బయటికి చాపి, వాటి మీద మట్టి బరువు పడేలా చేయడం దీనికి పాత ఉపాయం.

మేడ మీది 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు నిండితే ఒక టన్ను. నేల మీది కుదుపు పైఅంతస్తుకు వెళ్లేసరికి హెచ్చుతుంది. అయినా దాన్ని నాలుగు ఇటుకల దిమ్మెల మీద, పిట్టగోడ పక్కనే నిలబెడతాము. ఇటుకల దిమ్మెలకు బదులు స్తంభం మీదికి వచ్చేలా స్లాబుతో కలిపి పోసిన కాంక్రీటు పీఠం వేయించండి. ట్యాంకును వీధి వైపు అంచు నుంచి రెండు మీటర్లైనా లోపలికి జరపండి. ట్యాంకు నడుము చుట్టూ రెండు వెడల్పాటి పట్టీలను చుట్టి, వాటి చివరలను పీఠంలో పాతిన కొక్కేలకు బిగించండి. సన్నని తీగ వద్దు, అది ప్లాస్టిక్ గోడను కోస్తుంది. కింది కుళాయికి వెళ్లే గొట్టంలో మొదటి అరమీటరును వంగే గొట్టంతో వేస్తే, ట్యాంకు రెండంగుళాలు జరిగినా మూతి విరగదు.